క్రీడా సంఘాల జమాఖర్చులు – ఔత్సాహికత: ఒక పరిశీలన



తెలుగు అధ్యాపకునికి జమాఖర్చులతో ఏమి పని అని మీలో కొందరు చిరునవ్వు నవ్వవచ్చును. కామర్సు శాఖలోని మిత్రులు తమ పొలంలోకి పొరుగు పశువు వచ్చిందని కోపగించుకొనవచ్చును. అయితే నేనీ విషయంలో ప్రవేశించుటకు మాటలే కారణం. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, దాఖలా, తనిఖీ – ఇవన్నీ మన రైతులు, వర్తకులు, పడవ యజమానులు దినమూ పలికే తెలుగు మాటలే. వీటిలో ఒక్కటైనా సంస్కృతం నుండి వచ్చినది కాదు. అరబ్బీ, పారశీక భాషలలో పుట్టి, పాలకుల కచేరీల ద్వారా, ఉర్దూ ద్వారా తెలుగింట కాపురానికి వచ్చి, ఇంటి ఆడపడుచులైపోయిన మాటలివి. పద్దుల పుస్తకాన్ని మన పెద్దలు 'ఆవర్జా' అన్నారు; అదీ పారశీకమే. ఉర్దూ, తెలుగు రెండూ ఒకే కప్పు క్రింద చదువుకొనే మన కళాశాలలో ఈ సంగతి తలచుకొనుట సముచితమని భావిస్తాను.

ఈ మాటల సరసన నిలువదగిన ఉర్దూ మాట ఇంకొకటి ఉన్నది: 'అమానత్'. ఒకరు నమ్మకంతో మన చేతిలో ఉంచిన సొమ్ము అని దాని అర్థం. క్రీడా సంఘానికి వచ్చే ప్రతి రూపాయీ అమానత్. దానిని ఎట్లు వ్రాసితిమి, ఎవరికి చూపితిమి అనేదే ఈ వ్యాసంలోని ప్రశ్న. ఔత్సాహిక క్రీడను ధనం పాడుచేసిందని లోకం సాధారణంగా అనుకొంటుంది. చరిత్రను పరిశీలించగా, ధనం కంటె ఎక్కువగా దానిని దాచిన వ్రాతలే ఆ హాని చేసినవని నాకు తోచింది.

ఔత్సాహికుడు అనగా ఎవరు?

ఆంగ్లంలో 'అమెచ్యూర్' అనే పదం లాటిను భాషలో 'ప్రేమించువాడు' అనే అర్థం గల మాట నుండి వచ్చింది. ఆటను ప్రేమించి, ఆట కొరకే ఆడేవాడు అమెచ్యూర్. తెలుగులో మనం 'ఔత్సాహికుడు' అంటున్నాము. ఎంత అందమైన మాట! కాని ఈ మాటను నియమంగా మార్చినవారి ఉద్దేశం అంత అందమైనది కాదు.

1879లో ఇంగ్లండులోని హెన్లీ పడవ పందెాల నిర్వాహకులు ఔత్సాహికునికి ఒక నిర్వచనం చేశారు. పందెంలో డబ్బు తీసుకొన్నవానిని మినహాయించుట ఒకటి. అది చాలక, కూలికి చేతిపని చేసేవాడు, యంత్రాలపై పనిచేసేవాడు, శ్రామికుడు ఔత్సాహికుడు కానేరడని శాసించారు. పైసా పుచ్చుకొనకపోయినా సరే, చెమటోడ్చి బ్రతికేవాడైతే చాలు, పందేనికి అనర్హుడే. మన సముద్రతీరపు మాటలలో చెప్పవలెనంటే, తెల్లవారకముందే తెడ్డు పట్టి వేటకు పోయే పల్లెకారు కుర్రవాడు పడవ పందెంలో పాల్గొనరాదు. ఒడ్డున కూర్చుండి చూచే జమీందారు బిడ్డ పాల్గొనవచ్చును! ఆ మరుసటి సంవత్సరం, 1880లో, ఏర్పడిన ఇంగ్లండు అథ్లెటిక్ సంఘం ఈ నిబంధనను స్వీకరించలేదు. అయినను పడవ పందెాలలో అది చాలాకాలం నిలిచింది.

కనుక ఔత్సాహికత అనే ఆదర్శం పుట్టుకలోనే రెండు ముఖాలు గలది. ఒకటి ఆటపై ప్రేమ. రెండవది పేదవానిని గుమ్మం బయట నిలిపే గడియ. ఆడుట కొరకు ఒక దినం కూలి పోగొట్టుకొనేవానికి ఆ కూలి ఇచ్చుట న్యాయమా కాదా అనే ప్రశ్న దగ్గర ఈ రెండు ముఖాలూ ఎదురుబొదురు నిలిచినవి.

'ప్రయాణ ఖర్చులు' అనే పద్దు

నియమం కఠినంగా ఉండి, అవసరం బలంగా ఉన్నప్పుడు మనుష్యుడు చేసే పని ఒక్కటే: నియమాన్ని అతిక్రమించి, లెక్కలో మరొక పేరు పెట్టుట.

క్రికెట్టు చరిత్రలో డబ్ల్యు.జి. గ్రేసు పేరు వినని వారుండరు. ఆయన జీవితాంతం 'ఔత్సాహికుడే'. కాని 1873–74లో ఆస్ట్రేలియా పర్యటనకు ఆయన 1,500 పౌనులు పారితోషికం పుచ్చుకొన్నాడు. వృత్తి ఆటగాళ్ళని పిలువబడి, మైదానంలోకి వేరే ద్వారం గుండా రావలసిన పేద ఆటగాళ్ళకు అందులో చిన్న భాగం మాత్రమే దక్కేది. ఔత్సాహికులు, వృత్తివారు అనే ఈ భేదాన్ని ఇంగ్లండు క్రికెట్టు 1962లో గాని రద్దు చేయలేదు.

ఫుట్‌బాలులో కథ మరింత ఆలోచింపజేసేది. లాంకషైరులోని ప్రెస్టన్ పట్టణంలో విలియం సడెల్ అనే నూలుమిల్లు మేనేజరు ప్రెస్టన్ నార్త్ ఎండ్ క్లబ్బును నడిపాడు. దూరప్రాంతాల నుండి, ముఖ్యంగా స్కాట్లండు నుండి, మంచి ఆటగాళ్ళను రప్పించి, వారికి పని చూపి, డబ్బు ఇచ్చాడు. 1884లో ప్రత్యర్థి జట్టు ఫిర్యాదు చేయగా, సడెల్ అబద్ధమాడక ఒప్పుకొన్నాడు. ఫుట్‌బాలు అసోసియేషను ఆ జట్టును కప్పు పోటీ నుండి తొలగించింది. కాని ఆ ఒప్పుకోలు వృథా కాలేదు. ఉత్తరాది క్లబ్బులన్నీ ప్రెస్టన్ పక్షాన నిలువగా, 1885 జూలైలో ఆటగాళ్ళకు బహిరంగంగా జీతమిచ్చుట అనుమతింపబడింది. ఒక మనిషి నిజం చెప్పినందున నియమమే మారిందన్న మాట. 1888లో ఫుట్‌బాల్ లీగు ఏర్పడగా, తొలి సంవత్సరమే ప్రెస్టన్ ఒక్క లీగు ఆటా ఓడకుండా విజేతగా నిలిచింది.

ఇంతవరకు విన్న విద్యార్థి సడెల్‌ను వీరునిగా తలచును. కాని కథ ముగియలేదు. 1895లో ఇదే సడెల్ తన మిల్లు యజమానుల సొమ్ము కాజేసి, తప్పుడు లెక్కలు వ్రాసిన నేరానికి మూడేండ్ల శిక్ష పొందాడు. ఆ సొమ్ములో చాలా భాగం ఆయన ప్రాణప్రదంగా ప్రేమించిన క్లబ్బుకే వెచ్చించినట్లు చెబుతారు. ఆటగాళ్ళ జీతాల విషయంలో నిజం చెప్పిన నోరే, ఆ జీతాల మూలధనం విషయంలో మౌనం వహించింది. క్లబ్బుపై ప్రేమ ఎంత గాఢమైనదైనా, అది పరుల సొమ్మును మన సొమ్ము చేయజాలదు.

మరి శిక్ష ఎవరికి ఎట్లు పడిందో కూడ చూడవలెను. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్సులో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలోను స్వర్ణాలు గెలిచిన అమెరికా ఆదివాసి క్రీడాకారుడు జిమ్ థార్ప్, అంతకు ముందు 1909, 1910 సంవత్సరాలలో కొద్దిపాటి డబ్బుకు బేస్‌బాలు ఆడాడు. అప్పట్లో కాలేజి కుర్రవాళ్ళు పలువురు మారుపేర్లతో ఇట్లే ఆడేవారు. థార్ప్ మాత్రం తన సొంత పేరుతో ఆడాడు. 1913లో ఆయన పతకాలను లాగుకొన్నారు. ఆయన మరణించిన 29 ఏండ్లకు, 1982లో, అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం వాటిని పునరుద్ధరించింది. ఏకైక విజేతగా గుర్తించినది 2022లో. దాచినవారు గౌరవంగా ఉండిరి. దాచనివాడు దోషి అయ్యాడు. నిజం వ్రాసినవానిని శిక్షించే నియమం అబద్ధపు లెక్కలకు పాఠశాల వంటిది. ఒలింపిక్ సంఘం తన నిబంధనలలో ఔత్సాహికతను 1974 నుండి క్రమంగా సడలించుటకు ఇదొక కారణమని చెప్పవచ్చును.

దాత చేతి సంచి

ఇక మన నేలకు వద్దాము. ఇంగ్లండులో ఫుట్‌బాల్ లీగు పుట్టిన 1888వ సంవత్సరంలోనే, మన నెల్లూరు కూడ భాగమైన నాటి మద్రాసు రాజధానిలో ఒక తెలుగువాడు భారతీయుల కొరకు క్లబ్బు స్థాపించాడు. మద్రాసు క్రికెట్ క్లబ్బు 1846 నుండి ఉన్నను, అది తెల్లవారిది. భారతీయులకు అందులో సభ్యత్వం లేదు. సంపన్నులైన దుబాసీల కుటుంబంలో జన్మించిన ఎం. బుచ్చిబాబు నాయుడు దీనిని సహింపలేక మద్రాసు యునైటెడ్ క్లబ్బును నెలకొల్పాడు. ఆటస్థలం, బ్యాట్లు, బంతులు, దుస్తులు – వీటికి ఆయన చేతి సంచియే ఆధారం. 1908లో నలుబది ఏండ్ల వయసులోనే ఆయన కన్నుమూసినను, దక్షిణ భారత క్రికెట్టుకు పితామహుడనే పేరు మిగిలింది. ఆయన కుమారుడు కోటా రామస్వామి డేవిస్ కప్పు టెన్నిసులోను, 1936లో టెస్టు క్రికెట్టులోను భారతదేశం పక్షాన ఆడాడు.

తన సొమ్ము తాను ఖర్చు చేసినవానిని లెక్క అడుగుటకు మనమెవరము? అడుగనవసరం లేదు. అయితే దాత సంచిపై నిలిచిన క్లబ్బుకు ఒక బలహీనత ఉన్నది. దాత ఉదారుడైతే క్లబ్బు వర్ధిల్లును. దాతకు కోరికలున్నచో, ఆ కోరికలకు అది మూల్యం చెల్లించవలసి వచ్చును.

దీనికి ఉదాహరణ మరొక తెలుగు సంస్థానపు పేరులోనే ఉన్నది. విజయనగరం రాకుమారుడు, 'విజ్జీ' అని ప్రసిద్ధుడు, 1930–31లో ఇంగ్లండు మహా ఆటగాళ్ళు హాబ్స్, సట్‌క్లిఫ్‌లను తన ఖర్చుతో ఈ దేశానికి రప్పించాడు. క్రికెట్ బోర్డుకు 50,000 రూపాయల విరాళమిచ్చాడు. ఆ ఔదార్యాన్ని కాదనలేము. కాని 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టుకు నాయకత్వం దక్కినది ఆయనకే. అదే జట్టులో, 1932లో లార్డ్స్ మైదానంలో మన దేశపు మొదటి టెస్టుకు నాయకత్వం వహించిన సి.కె. నాయుడు సామాన్య సభ్యునిగా ఆడవలసి వచ్చింది. నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన ఈ నాయుడు కూడ ఔత్సాహికుడే. ఇందూరు హోల్కరు మహారాజు సైన్యంలో ఉద్యోగం ఇచ్చి ఆదరించుట చేత ఆయన ఆట సాగింది. ఆ పర్యటనలో జట్టులో కలహాలు రేగి, లాలా అమర్‌నాథ్ టెస్టులు మొదలుకాకముందే ఇంటికి పంపబడ్డాడు.

ఇందుండి గ్రహింపదగిన విషయమేమి? సంఘానికి సొంత నిధి, అందరూ చదువగల లెక్క లేనప్పుడు, ఎవరి సంచి పెద్దదో వారి మాటే నెగ్గును. అర్ధరూపాయి చందా ఇచ్చిన సభ్యుడు, ఏబదివేలు ఇచ్చిన దాత ఒకే బల్లపై కూర్చుండగలిగేది జమాఖర్చుల పుస్తకం ముందు మాత్రమే.

హైదరాబాదు పోలీసు జట్టు

స్వాతంత్ర్యానంతరం దాతల స్థానంలోకి ఉద్యోగాలు వచ్చినవి. దీనికి ఉజ్జ్వలమైన ఉదాహరణ హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాలు జట్టు. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరాలు బొంబాయి రోవర్సు కప్పును ఆ జట్టు గెలిచింది. దానిని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. భారత జట్టుకు శిక్షకునిగా ఆయన 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణాలు సాధించాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో మన జట్టు సెమీఫైనలు చేరి నాలుగవ స్థానం పొందింది. 1963లో ఆయన మరణించాడు.

ఆ ఆటగాళ్ళు నియమం ప్రకారం ఔత్సాహికులు. పోలీసు శాఖ జీతం ఇస్తుంది, వారు బంతి ఆడుతారు. ఇది కపటమా? పూర్తిగా కాదని నా అభిప్రాయం. ఆ జీతం ప్రభుత్వపు రికార్డులలో పేరుతో సహా నమోదైన జీతం. పేద ఇండ్ల కుర్రవాళ్ళకు ఆట వలన అన్నం దొరికింది. దొరికిన సంగతి అందరికీ తెలుసు. అదే కాలంలో కలకత్తా పెద్ద క్లబ్బులు ఔత్సాహికులనే పేరుతోనే ఆటగాళ్ళకు చాటుగా డబ్బు ముట్టజెప్పేవి. అందుకే హైదరాబాదు మేటి ఆటగాళ్ళు పలువురు అటు తరలిపోయారు. చాటుగా ఇచ్చినదానికి రసీదు లేదు. రసీదు లేనిదానికి హక్కు లేదు. కాలు విరిగిననాడు ఆ ఆటగాడు ఏ కాగితం చూపి అడుగగలడు? దొంగలెక్క ముందుగా మోసగించినది ఆటగానినే అని మరువరాదు.

సికింద్రాబాదు సమీపాన అమ్ముగూడలో పుట్టి, 1956 ఒలింపిక్సులో ఆడిన తులసీదాస్ బలరాం ఒక సంగతి చెప్పేవాడు. అభ్యాసానికి రావలెనంటే దూరం, చేతిలో డబ్బు లేదు. రహీం సాహెబు సైకిలు అద్దెకు డబ్బిచ్చి రప్పించుకొన్నాడట. ఆ పైకం ఏ చిట్టాలోను ఉండదు, ఉండనవసరమూ లేదు. గురువు జేబు నుండి శిష్యుని చేతికి చేరినది ప్రేమ. సంఘం పెట్టె నుండి వచ్చినది అమానత్. మొదటిదానికి కృతజ్ఞత చాలు. రెండవదానికి పద్దు కావలెను. ఈ భేదం తెలిసినవాడే నిజమైన క్రీడా నిర్వాహకుడు.

చట్టం అడిగినదేమి, అడుగనిదేమి?

మన దేశంలో క్లబ్బులు చాలవరకు 1860 నాటి సంఘాల రిజిస్ట్రేషను చట్టం క్రింద నమోదైనవి. ఆ చట్టం సంవత్సరానికొకసారి పాలకవర్గ సభ్యుల పేర్ల జాబితా దాఖలు చేయుమన్నది. లెక్కలు దాఖలు చేయుమని అడుగలేదు! ఎవరు కుర్చీలో ఉన్నారో చెప్పితే చాలు, పెట్టెలో ఏమున్నదో చెప్పనక్కరలేదన్న మాట. తెలంగాణ ప్రాంతంలో 1350 ఫసలీ నాటి వేరొక చట్టం ఉండేది. 2001లో ఆంధ్రప్రదేశ్ సంఘాల రిజిస్ట్రేషను చట్టం వచ్చి, రాష్ట్రమంతటికీ ఒకే పద్ధతి ఏర్పరచింది.

చిన్న మొత్తాల కాలంలో ఈ లోపం పెద్దగా కనబడలేదు. 1983లో కపిల్ దేవ్ జట్టు ప్రపంచ కప్పు గెలిచినప్పుడు, ఆటగాళ్ళకు బహుమతి ఇచ్చుటకు క్రికెట్ బోర్డు వద్ద తగిన నిధి లేదు. లతా మంగేష్కర్ గారు ఢిల్లీలో కచేరీ చేయగా వచ్చిన సొమ్ముతో ఆటగాళ్ళకు తలా లక్ష రూపాయలిచ్చారు. అదే బోర్డు 2022లో, 2023 నుండి 2027 వరకు ఐదేండ్ల ఐ.పి.ఎల్. ప్రసార హక్కులను 48,390 కోట్ల రూపాయలకు విక్రయించింది. పెట్టె ఇంత పెరిగినను, చట్టం దృష్టిలో అది తమిళనాడులో నమోదైన ఒక సంఘమే. 2015 జనవరిలో సుప్రీంకోర్టు ఈ బోర్డు నిర్వహించేది ప్రజా సంబంధమైన విధి అని తీర్పు చెప్పి, జస్టిస్ లోధా సంఘాన్ని నియమించింది. ఆ సంఘం సిఫారసులను 2016 జూలైలో కోర్టు చాలవరకు ఆమోదించింది. పాలక మండలిలో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ ప్రతినిధి ఉండవలెననుట అందులో ఒకటి.

హైదరాబాదు క్రికెట్ సంఘం కథ మనకు మరింత దగ్గరిది. 1934లో స్థాపితమై గులాం అహ్మద్, జయసింహ, అబ్బాస్ అలీ బేగ్, అజారుద్దీన్ వంటివారిని దేశానికిచ్చిన ఈ సంఘంలో తగవులు ముదిరి, 2022లో సుప్రీంకోర్టు పర్యవేక్షణ సంఘాన్ని నియమించవలసి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో ఆ బాధ్యతను విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు గారికి అప్పగించింది. కొద్దిమంది వ్యక్తులు, వారి కుటుంబీకులు పలు క్లబ్బులను తమ చేతిలో ఉంచుకొన్నందున, 57 క్లబ్బులను ఆ సంవత్సరపు ఎన్నికలకు దూరంగా ఉంచుతూ ఆయన ఉత్తర్వు చేశారు. సాయంకాలం పిల్లలు ఆడుకొనుటకు పుట్టిన క్లబ్బు, చివరకు ఎన్నికలలో ఒక ఓటుగా మిగిలినదంటే ఎంత విచారకరం! సభ్యుల పట్టిక, లెక్కల పుస్తకం ఏటేటా నలుగురి ముందు చదివే క్లబ్బును జేబులో వేసుకొనుట ఎవరికీ అంత సులభం కాదు.

2025లో పార్లమెంటు జాతీయ క్రీడా పాలన చట్టం చేసింది. ప్రభుత్వ నిధులు పొందే క్రీడా సంస్థలు ఆ నిధుల వినియోగం మేరకు సమాచార హక్కు చట్టానికి లోబడునని అందులో ఉన్నది. మంచి మాటే. కాని ఏ చట్టమైనను సముద్రతీరపు పల్లెలోని వాలీబాలు జట్టు దాకా, మన కళాశాల కబడ్డీ జట్టు దాకా రాదు. అక్కడ చట్టం మనమే కావలెను.

ఒక చిన్న ఉదాహరణ

లెక్క వ్రాయుట అంత కష్టం కాదు. కళాశాల వాలీబాలు సంఘమొకటి పోటీ నిర్వహించినదని ఊహింతము. సంవత్సరాదిని చేతిలో 1,200 రూపాయలున్నవి. 70 మంది సభ్యులు తలా 50 చొప్పున ఇవ్వవలసి ఉండగా 60 మంది ఇచ్చారు: 3,000. ఒక దాత ఇచ్చినది 5,000. ఎనిమిది జట్ల ప్రవేశ రుసుము 300 చొప్పున 2,400. మొత్తం వసూళ్ళు 11,600.

చెల్లింపులు: వల 1,800, బంతులు 1,350, మైదానపు గీతలకు 600, అంపైర్ల ప్రయాణానికి 1,200, భోజనాలకు 3,400, కప్పు, పతకాలకు 1,450. మొత్తం 9,800. చేతిలో నిలువ 1,800. దీనిని వసూళ్ళు–చెల్లింపుల ఖాతా అంటారు. ఇది పెట్టెలో ఎంత ఉన్నదో చెప్పును. సంఘం స్థితి ఎట్లున్నదో చెప్పదు.

అందుకు ఆదాయ–వ్యయాల ఖాతా కావలెను. ఇందులో ఈ ఏటికి రావలసినది, ఈ ఏటికి చెందినది మాత్రమే వ్రాయవలెను. చందాలు 70 మందివి 3,500, ఎందుకనగా 500 బాకీ ఉన్నను అది సంఘానికి రావలసినదే. విరాళం, ప్రవేశ రుసుము కలిపి ఆదాయం 10,900. వల మూడేండ్లు మన్నునని అనుకొంటే ఈ ఏటి భాగం 600 మాత్రమే. దీపాలవానికి ఇవ్వవలసిన 700 ఇంకను ఇవ్వలేదు. ఇవ్వకపోయినను అది ఖర్చే. బంతులు, గీతలు, ప్రయాణం, భోజనాలు, పతకాలు కలిపి వ్యయం 9,300. మిగులు 1,600. పెట్టెలో 1,800 చూచి ఉప్పొంగిన కార్యదర్శికి, దీపాలవాని 700 గుర్తుచేసేది ఈ ఖాతాయే.

ఇప్పుడు ఈ పద్దులలో ఒక్కదానిపై వేలు పెట్టి చూడండి: అంపైర్ల ప్రయాణం 1,200. ఎవరు వచ్చారు? ఎక్కడినుండి? రసీదు ఏది? గ్రేసు కాలం నుండి నేటి వరకు క్రీడా లెక్కలలో అబద్ధం కాపురమున్న గది ఇదే.

నేను వ్రాసిన పద్దు

ఈ మాట పుస్తకాలు చదివి మాత్రమే చెప్పుటలేదు. సుమారు ఇరువది ఏండ్ల క్రిందట, ఇంటర్మీడియటు చదివే రోజులలో, మా తీరప్రాంతపు ఊరిలో యువజన సంఘానికి నేను లెక్కలు వ్రాసేవాడను. దస్తూరి బాగుంటుందని ఆ పని నాకప్పగించారు. సంక్రాంతికి వాలీబాలు పోటీ పెట్టినాము. చందా పుస్తకం పట్టుకొని ఇల్లిల్లూ తిరిగితిమి. వేట నుండి వచ్చిన పడవల దగ్గర నిలబడితే, తడిచేతులతోనే నడుముకు చెక్కుకొన్న నోట్లు తీసి ఇచ్చిన వారున్నారు.

మా జట్టు గెలువవలెనని పెద్దలు వేరే ఊరి ఆటగాళ్ళిద్దరిని డబ్బిచ్చి రప్పించారు. పోటీ 'స్థానిక ఔత్సాహిక జట్లకు మాత్రమే' అని కరపత్రంలో మేమే అచ్చువేయించి ఉన్నాము.

"అన్నా, ఆ డబ్బు ఏ పద్దు కింద రాసేది?" అని అడిగాను.

"ప్రయాణ ఖర్చులని రాసెయ్ అబ్బయా. ఎవరు చూడొచ్చారు?" అన్నాడాయన.

వ్రాశాను. అందమైన దస్తూరితో వ్రాశాను. మేము గెలిచాము. వారం తిరుగకముందే, ప్రతి ఏడూ మా జట్టులో ఆడి ఈసారి బెంచీపై కూర్చున్న పల్లెపాళెం కుర్రవాడు వచ్చి లెక్క చూపమన్నాడు. వాళ్ళ నాయన కూడ చందా ఇచ్చినవాడే. చూపితే పరువు పోవునని పుస్తకం దాచితిమి. ఆయనంత మాట, ఈయనింత మాట పెరిగి సంఘం రెండుగా చీలింది. మరు సంక్రాంతికి పోటీ లేదు. వల కట్టిన ఇనుప స్తంభాలు ఉప్పుగాలికి తుప్పుపట్టి ఒరిగిపోయినవి. ఆ ఇద్దరు ఆటగాళ్ళకు డబ్బిచ్చుట పాపమని నేడు నేననుకొనుట లేదు. వారికీ ఇల్లు గడవవలెను గదా. 'బయటి ఆటగాళ్ళకు ఇచ్చినది' అని ఉన్నదున్నట్లు వ్రాసి, సభలో చదివి ఉంటే, ఆనాడు గొడవపడేవారము, నియమం మార్చుకొనేవారము. ఆట నిలిచేది.

ముగింపు

ఖురాను వాక్యాలన్నింటిలో అతి దీర్ఘమైనది ప్రార్థనను గురించినది కాదు. అప్పును వ్రాసి ఉంచుట, న్యాయంగా వ్రాసే లేఖకుని, సాక్షులను ఏర్పరచుకొనుట గురించినది. కౌటిల్యుని అర్థశాస్త్రం అధికారులు ధనం హరించే నలుబది విధాలను లెక్కించింది. భిన్న దేశాలలో, భిన్న కాలాలలో పెద్దలు ఈ విషయంలో ఏకీభవించుట గమనార్హం. నమ్మకమున్న చోట లెక్క ఎందుకని మనవాళ్ళంటారు. లెక్క ఉన్నచోటనే నమ్మకం నిలుచునని వారి అనుభవం.

కావున కళాశాల పాలకవర్గం వారికి సవినయంగా ఒక మనవి. మన క్రీడా సంఘాల జమాఖర్చులను ప్రతి సంవత్సరం క్రీడా దినోత్సవం నాడు, బహుమతి ప్రదానానికి ముందు, విద్యార్థి కార్యదర్శి చేతనే ఉర్దూ, తెలుగు రెండు భాషలలోను చదివింపవలెను. ఆ పత్రాన్ని నోటీసు బోర్డుపై నెల రోజులుంచవలెను. విద్యార్థులారా, మీకూ ఒక మాట. చదువు ముగిసి మీ మీ ఊళ్ళకు పోయినపుడు ఏదో ఒక సంఘం మీకు చందా పుస్తకం అప్పగించక మానదు. అప్పుడెవరైనా మీ చెవిలో 'ప్రయాణ ఖర్చులని వ్రాయి' అంటే, కలం క్రింద పెట్టండి. తడిచేతులతో నోటు తీసి ఇచ్చినవాడు ఆ పుటను చదువుతున్నట్లు ఊహించుకొని, తరువాత వ్రాయండి.